కెలెవెలె వేయిస్తుంటే మసాలా నూనెలో మాడిపోతోంది, ఏం చేయాలి?

ఘనా కెలెవెలె (మసాలా పట్టించి నూనెలో వేయించే కూర అరటిపండు ముక్కలు) చేయడం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. తొక్కమీద నల్లమచ్చలు పడ్డ, ఇంకా గట్టిగానే ఉన్న కూర అరటిపండ్లు రెండు, అంగుళం ముక్కలు. రెండంగుళాల అల్లం, సగం ఉల్లిపాయ, రెండు ఎండుమిర్చి, రెండు లవంగాలు, ఉప్పు మెత్తగా నూరి పట్టించి, 175 డిగ్రీల నూనెలో వేస్తున్నాను. ముక్కలు బాగానే ఎర్రబడుతున్నాయి. కానీ మసాలా ఊడి అడుగున నల్లటి నలకల్లా మాడి, రెండో వాయికి చేదు పట్టేస్తోంది. పది నిమిషాలు నానబెడితే ఉప్పుకి ముక్కలు నీరు వదిలి, మసాలా ఇంకా జారిపోతోంది.

ముద్దను పలచటి గుడ్డలో పిండి రసం మాత్రమే పట్టించాలా? అప్పుడు అల్లం ఘాటు తగ్గదా? ఉప్పు నూనెలో వేసే ముందు కలిపితే చాలా? పక్కన వేయించిన వేరుశనగలు సిద్ధంగా ఉన్నాయి.