అపొస్తలుల వారసత్వం: కేకు అందరిదీ, బల్ల మాత్రం ఎవరిది వారిదేనా?

హన్మకొండ వాసి:
డిసెంబరులో సెమీ క్రిస్మస్ వస్తే ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) ఫాదర్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యగారు, బాప్టిస్ట్ పాస్టర్ ఒకే స్టేజీ మీద కేకు కోస్తారు. ఆదివారం ఎవరి దారి వారిదే. మా బావ సీఎస్ఐ. ఆర్‌సీఎం అయిన అక్కతో పాటు ఆమె విచారణలో (వాళ్ల ఊరి చర్చిలో) పూజకు వెళ్తే బావకు సత్ప్రసాదం (ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె) ఇవ్వలేదు. ‘మీ అయ్యగార్లకు అపొస్తలుల వారసత్వం లేదు’ అన్నారట. అంటే యేసు శిష్యుల నుంచి బిషప్పులు ఒకరి తల మీద ఒకరు చేతులుంచి ఇస్తూ వచ్చిన అధికారం. అధికారం చేతుల మీదుగానే రావాలా?

కాజీపేట విశ్వాసి:
మా క్యాథలిక్కుల లెక్కలో రావాలి. యేసును పట్టించిన యూదా స్థానం ఖాళీ అయితే పేతురు ఊరుకోలేదు, మత్తీయను తీసుకున్నారు (అపొ. కార్య. 1). క్రీ.శ. 96 ప్రాంతంలో రోము సంఘ పెద్ద క్లెమెంతు పేరిట కొరింథు సంఘానికి వెళ్లిన లేఖలోనూ అదే ఉంది: తమ తర్వాత ఆ పని ఎవరు చూడాలో అపొస్తలులు ఏర్పాటు చేసి పోయారు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి; సీఎస్ఐలో ఒక పాయ అదే) గురుపట్టాలు, అంటే గురువుగా చేసే నియామకాలు, చెల్లవని 1896లో 13వ లియో పోపు తేల్చేశారు. మీ బావగారి భక్తిని ఎవరూ శంకించడం లేదు.

బాప్టిస్ట్ తమ్ముడు:
అదే అధ్యాయం ఇంకాస్త చదవండి అన్నా. యోహాను బాప్తిస్మం నాటి నుంచి యేసుతో తిరిగినవాడే కావాలన్నారు. ఆ సాక్ష్యం వారసత్వంగా వస్తుందా? హేరోదు అపొస్తలుడైన యాకోబును చంపించాక (12వ అధ్యాయం) ఆ సీటు ఎవరితో నింపారు? మా పాస్టర్‌ను సంఘమే పిలుచుకుంటుంది. చాలు.

డోర్నకల్ మనవడు:
ఇద్దరూ మా సీఎస్ఐని వదిలేశారు. మా డోర్నకల్ బిషప్ అజరయ్య గారికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో బిషప్పులు చేతులుంచారు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, వాళ్లకసలు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న అందరూ సీఎస్ఐగా కలిసినప్పుడు చిక్కంతా ఇక్కడే: మెదక్ అయ్యగార్లకు మళ్లీ గురుపట్టం ఇవ్వాలా? ఇవ్వలేదు. ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసుకున్నారు, ఇకమీదట మాత్రం బిషప్పు చేతి మీదుగానే అన్నారు. ఇంగ్లండ్‌లో బిషప్పుల వారసత్వానికి పట్టుబట్టే హై చర్చి ఆంగ్లికన్లు గోల గోల చేశారు. నాకైతే అంతకన్నా తెలివైన పరిష్కారం కనపడదు.

కాజీపేట అన్న వాదనలో మింగుడుపడనిది ఒకటుంది. ఆర్థడాక్స్ (తూర్పు సంఘాల) గురుపట్టాలు చెల్లుతాయని రోము కూడా ఒప్పుకుంటుంది. అయినా ఆ రెండింటి మధ్య 1054 చీలిక అలాగే ఉంది. వారసత్వం తెగకపోయినా బల్ల ఒకటి కాలేదు కదా!

అలాగని తమ్ముడి ‘చాలు’ కూడా చాలదు. మా మండలంలో ఒకాయన ఫ్లెక్సీ మీద తనకు తానే ‘అపొస్తలుడు, బిషప్’ అని వేయించుకున్నాడు. కానుకల లెక్క అడిగితే ‘అభిషిక్తుని ముట్టకూడదు’ అంటాడు. ఎవరు అభిషేకించారో అడిగితే పైకి చూపిస్తాడు. చేతులుంచినవాళ్లుంటే పిలిచి నిలదీసే హక్కు వాళ్లకుంటుంది. వారసత్వంలో నాకు పనికొచ్చేది అదే.

బాప్టిస్ట్ తమ్ముడు:
మా దగ్గర నిలదీసేది సంఘమే, ఓటేసి దించేస్తుంది. మీ బిషప్పును దించాలంటే మామూలు విశ్వాసికి దారేది?

కాజీపేట విశ్వాసి:
దించడం దగ్గరే ఆగిపోయారు. బల్ల మీద ఏం జరుగుతుందన్నది అసలు సంగతి. తప్పు చేసిన గురువుల సంస్కారాలు చెల్లవని దొనాతీయులు విడిపోయిన గొడవలో, గురువు పాపి అయినా సంస్కారం చెల్లుతుందని పాతకాలపు బిషప్ అగుస్తీను వాదించింది అందుకే. మనిషి మంచితనాన్ని నమ్ముకుంటే ఏ ఆదివారం ఏ బల్ల నిజమో ఎవరికి తెలుస్తుంది?

డోర్నకల్ మనవడు:
అదే అగుస్తీను దొనాతీయుల బాప్తిస్మం కూడా చెల్లుతుందన్నాడు. మీరూ మా బాప్తిస్మం ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. నీళ్లు పోసిన చేయి పనికొస్తే, రొట్టె విరిచిన చేయి ఎందుకు పనికిరాదు?

కాజీపేట విశ్వాసి:
ప్రాణం మీదికొస్తే ఆస్పత్రిలో నర్సు కూడా బాప్తిస్మం ఇవ్వొచ్చు. దివ్యబలి పూజకు గురువే కావాలి. ఇక్కడ మేం తగ్గలేం.