సర్ఫేస్ కోడ్ పని అయిపోయినట్టేనా?

ఏర్పేడు_హాస్టల్:
క్వాంటం కంప్యూటర్లలో తప్పులు దిద్దే సర్క్యూట్ మీద ఎంటెక్ ప్రాజెక్టు. సర్ఫేస్ కోడ్ (క్యూబిట్లు, అంటే క్వాంటం బిట్లను, గళ్లలా పేర్చి తప్పులు పట్టే పద్ధతి) అనగానే రూమ్మేట్ "ఇంకా అదేనా" అని నవ్వాడు. ఐబీఎం వాళ్లు 2024లో నేచర్‌లో వేసిన కోడ్ 288 క్యూబిట్లతో 12 లాజికల్ క్యూబిట్లను (చాలా క్యూబిట్లలో పరిచి దాచిన సమాచారం) కాపాడుతుంది. సర్ఫేస్ కోడ్‌కైతే దాదాపు 3,000 కావాలి. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడాలా?

బైరాగిపట్టెడ:
కాగితం మీద బాగానే ఉంది తమ్ముడూ. అందులో ఒక్కో క్యూబిట్‌కు 6 కనెక్షన్లు, కొన్ని చిప్ మీద చాలా దూరం. సర్ఫేస్ కోడ్‌కు పక్కనున్న నాలుగు చాలు. గూగుల్ వాళ్ల 'విల్లో' చిప్‌లో సర్ఫేస్ కోడ్ దూరం (లాజికల్ క్యూబిట్ చెడాలంటే కనీసం ఎన్ని తప్పులు పడాలో చెప్పే అంకె) 3 నుంచి 5కి, 5 నుంచి 7కి పెంచిన ప్రతిసారీ తప్పులు సగానికి పైగా తగ్గాయి. చేసి చూపించింది ఇది.

ఏర్పేడు_హాస్టల్:
తీగలు అడ్డం పడకుండా రెండు పొరల్లో వేయొచ్చని ఆ పేపర్లోనే ఉందన్నా. తిరుమల కొండకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. ఎదురుబండి టెన్షన్ లేదు కదా, అట్ల.

చిత్తూరు_సీనియర్:
ఏమప్పా, ఇద్దరూ కోడ్ గురించే కొట్టుకుంటున్నారు. సర్క్యూట్ సంగతేంది? తనిఖీ చేసే యాన్సిలా క్యూబిట్ సమాచారం మోసే నాలుగు డేటా క్యూబిట్లను ఒకదాని తర్వాత ఒకటి తాకాలి. ఒక్కో తాకుడు ఒక సీనాట్, అంటే రెండు క్యూబిట్లను కలిపే గేటు. రెండో సీనాట్ అయ్యాక యాన్సిలా చెడితే, మిగిలిన రెండింటికీ ఆ తప్పు అంటుకుంటుంది. ఆ జంట లాజికల్ గీతకు (ఈ అంచు నుంచి ఎదుటి అంచు దాకా తప్పులు వరసగా పడితే లాజికల్ క్యూబిట్ చెడే దారి) అడ్డంగా పడితే ఫర్వాలేదు. గీత వెంబడే పడిందా, కొంప మునిగినట్టే.

నేను స్టిమ్‌లో (ఇలాంటి సర్క్యూట్లను నడిపి చూసే సాఫ్ట్‌వేర్) దూరం 5కి రాస్తే, ఒక గ్రాఫ్ దూరం 3 లాగే వచ్చింది. రెండు రాత్రులు డీకోడర్‌ను (తనిఖీ ఫలితాలు చూసి తప్పు ఎక్కడో ఊహించే ప్రోగ్రామ్) తిట్టుకున్నా. తీరా చూస్తే ఎక్స్, జెడ్ అని రెండు రకాల తప్పులు పట్టే తనిఖీలు రెండింటికీ ఒకే వరస పెట్టేశాను! ఒక రకంలో రెండో, మూడో సీనాట్లు తారుమారు చేశా, సరిపోయింది.

ఐబీఎం కోడ్ దూరం 12 అంటారు. వాళ్ల సర్క్యూట్‌తో కలిపి చూస్తే 10 దాటదు, ఆ మాట వాళ్లే రాశారు. పైగా సీనాట్లకు 7 అంచెలు, సర్ఫేస్ కోడ్‌కు 4. నన్నడిగితే ప్రాజెక్టుకు సర్ఫేస్ కోడే మేలు. తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనబడుతుంది.

ఏర్పేడు_హాస్టల్:
అయితే నాలుగు సీనాట్ల 24 వరసలూ పరిగెత్తిస్తా అన్నా.

చిత్తూరు_సీనియర్:
ఎక్స్‌కు 24, జెడ్‌కు 24. హెచ్చవేస్తే 576 జతలు. కొన్నింట్లో అసలు కొలతే చెడుతుంది, ముందు అవి తీసెయ్.