నది వేస్తే క్యాలెండర్ బొమ్మలా వస్తోంది, ఏం చేయాలి?

నీలిరంగు: వాటర్‌కలర్స్ వేస్తుంటాను. దగ్గర్లో ఉన్న నది, దాని ఒడ్డున ఉన్న చిన్న చిన్న షాపులు, రెండూ కలిపి ఒక సిరీస్ చేయాలని ఉంది. నది వేస్తే మునిగే సూర్యుడు, ఒక పడవ, అంతే, అచ్చం క్యాలెండర్ బొమ్మ. షాపు వేస్తే బోర్డు మీద అక్షరాలు దిద్దడానికే సగం టైం పోయి, తీరా చూస్తే ఫొటోకి కాపీలా ఉంటోంది. రెండిటినీ కలిపేదెలా? ఇంకోటి, షాపు ఎదురుగా నిలబడి గీస్తుంటే వాళ్లేమనుకుంటారో అని ఒకటే టెన్షన్.

పాతబ్రష్: నదిని వేరుగా, షాపుని వేరుగా చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉందండీ. నీళ్లతో పని పడే చోటికి వెళ్లండి, పడవలు బాగుచేసే చోటు, అద్దకం వాళ్లు, బట్టలు ఉతికే రేవు, ఏదైనా సరే. జాన్ కాన్‌స్టేబుల్ అని ఒక ఇంగ్లిష్ చిత్రకారుడు, ఆయన బొమ్మలు చూశారా? ఇంగ్లండ్‌లో స్టౌర్ నది ఒడ్డున వాళ్ల నాన్నకి పిండి మిల్లు ఉండేది. 1821లో వేసిన ‘ది హే వెయిన్’ (గడ్డి బండి) అనే బొమ్మ ఆ మిల్లు దగ్గరిదే. పడవలు కట్టే చోటునీ వదల్లేదు, అదైతే చాలావరకు ఆరుబయటే కూర్చుని వేశాడు. మిల్లు దగ్గర దూకే నీళ్ల చప్పుడు, పుచ్చిన పలకలు, పాకుడు పట్టిన గుంజలు, ఇటుక గోడలు, ఇవంటే తనకి ప్రాణమని స్నేహితుడికి ఉత్తరం రాశాడు కూడా. సూర్యుణ్ణి పక్కన పెట్టి ముందు ఆ గుంజ వేయండి.

సిరామరక: పాతబ్రష్ గారితో సగమే ఒప్పుకుంటా. సిరీస్ అన్నాక ప్రతి బొమ్మలో రెండూ ఇరికించాల్సిన పనేంటి? జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1856-58 మధ్య ‘ఎదో’ అనే నగరం (ఇప్పటి టోక్యో) మీద వేసిన వంద పైచిలుకు బొమ్మల్లో సుమిదా నది చాలా చోట్ల ఉంటుంది, అద్దకం వాళ్ల వీధి వేరే ఉంటుంది. ఆ వీధి బొమ్మలో మనిషన్నవాడే కనపడడు, ఆరేసిన పొడుగాటి బట్టలు పైనుంచి కిందికి వేలాడుతుంటాయి, వాటి సందులోంచి దూరంగా ఫుజి కొండ. షాపు అంటే బోర్డే అవ్వక్కర్లేదు, అక్కడ తయారయ్యే వస్తువు కనపడితే చాలు.

తడికాగితం: పెద్ద పెద్ద పేర్లు తర్వాత, ముందు నీళ్లు సరిగ్గా చూడు బ్రో. నీళ్లలో నీడ (ప్రతిబింబం) అంటే పైనున్న బొమ్మని తిరగేసి దించడం కాదు, నువ్వు నిలబడిన చోటి నుంచి వంతెన అడుగు భాగం కనపడకపోయినా నీళ్లలో కనపడుతుంది. కాళ్ల దగ్గరి నీళ్లలో అడుగున ఇసుక తెలుస్తుంది, దూరం పోయేకొద్దీ ఆకాశమే ఎక్కువ. మామూలుగా ముదురు వస్తువు నీడ కాస్త లేతగా, లేత వస్తువు నీడ కాస్త ముదురుగా పడుతుంది. ఇవి పట్టుకుంటే క్యాలెండర్ వాసన చాలావరకు పోతుంది.

షాపు వాళ్ల సంగతంటావా, దొంగచాటుగా గీస్తేనే అనుమానం వస్తుంది. వెళ్లి అడిగేయ్, బేరాలు తక్కువగా ఉన్న టైం చూసుకో, దారికి అడ్డం కూర్చోకు. మొహం వేస్తే అమ్మకానికి పెట్టే ముందు చెప్పాలి, అది మర్యాద. చాలామందికి తమ పని గురించి చెప్పడం ఇష్టమే, ఏ పనిముట్టు ఏ చేత్తో పట్టుకుంటారో వాళ్లే చూపిస్తారు, అది ఫొటోలో దొరకదు.

నీలిరంగు: అద్దకం షాపు ఒకటి ఉంది, వాళ్ల రంగునీళ్లు కాలవలోకే పోతాయి. అది కూడా వేయాలంటారా? వేస్తే వాళ్లు నొచ్చుకుంటారేమో.

పాతబ్రష్: వేయండి. ముందు స్కెచ్ వాళ్లకి చూపించి మాట్లాడండి, వద్దంటే షాపు ఆనవాలు తెలీకుండా కాలవ ఒక్కటే వేయొచ్చు.