పోర్ట్ బ్లెయిర్‌లో పాత ఇల్లు రిపేరు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మాది ప్రొద్దుటూరు. మా బావ పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు లెండి) 20 ఏళ్ళుగా ఉంటున్నాడు, అక్కడే పాత ఇల్లొకటి కొన్నారు, బాగుచేయించే పని నా నెత్తిన పడింది. మన కడప జిల్లాలో వానంటే నాలుగు రోజుల ముచ్చట, అక్కడేమో మే నుంచి డిసెంబరు దాకా కురుస్తూనే ఉంటుంది, పైగా భూకంపాల ప్రాంతం.

ఉప్పుగాలికి స్లాబులో కమ్మీలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్నాయి. తుప్పు గీకి మళ్ళీ పూస్తే ఆగుతుందా, పగలగొట్టి రేకులు వేసుకోవడమే మేలా? మేస్త్రీ సముద్రపు ఇసుక కడిగి వాడదామంటున్నాడు, నాకైతే భయంగా ఉంది. చెన్నై నుంచి ఓడలో సామాను తెప్పించినవాళ్ళుంటే ఖర్చెంతయిందో చెప్పండి. అక్క వంటింటికి మన కడప బండలే కావాలంటోంది, అదొక టెన్షన్!