హ్యూస్టన్‌లో జరిగే నా క్రైమ్ నవలకి చిన్న సాయం కావాలి

అందరికీ నమస్కారం. మనుషుల అక్రమ రవాణా మీద ఒక క్రైమ్ థ్రిల్లర్ రాస్తున్నాను. ముందు నా హీరోయిన్‌ని ఎఫ్‌బీఐలో పెట్టాను. ఇలాంటి కేసులు అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉండే దర్యాప్తు సంస్థ హెచ్‌ఎస్‌ఐ కూడా చూస్తుందని తెలిశాక ఆమెను అటు బదిలీ చేసేశాను!

ఇప్పుడు 9వ అధ్యాయం దగ్గర బండి ఆగింది. యజమాని ఒక వంటమనిషి పాస్‌పోర్ట్ లాక్కుని, అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేదని హోటల్ వెనక గదిలో ఉంచుతాడు. తలుపుకి తాళం లేదు, భయమే తాళం. 2000లో అమెరికా చేసిన చట్టం ప్రకారం గొలుసులతో కట్టేయక్కర్లేదు, బెదిరించి పని చేయించినా నేరమే. ఇలాంటి బాధితులు అమెరికాలో ఉండటానికి 'టీ' (T) అనే వీసా ఉందనీ, కుటుంబసభ్యులు కాకుండా ఏడాదికి 5,000 మందికే ఇస్తారనీ చదివాను.

నాకు అర్థంకానిది మొదటి రాత్రి. అతన్ని బయటికి తెచ్చాక ఎక్కడ ఉంచుతారు? ముందు ఏజెంట్ మాట్లాడుతుందా, బాధితులకి సాయం చేసేవాళ్లు వస్తారా? తెలుగు తప్ప ఏమీ రాని మనిషికి ఇంటర్‌ప్రెటర్‌ని ఎలా వెతుకుతారు? ఫోన్‌లోనా?

ఏజెంట్లు లోపలికి దూసుకెళ్లే సీన్ నేనే రాసుకుంటాను, దానికి టెన్షన్ లేదు. అక్కడ లాయర్లుగానో ఇంటర్‌ప్రెటర్లుగానో పనిచేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. కేసుల వివరాలు వద్దు, పద్ధతి తెలిస్తే చాలు.