వాన పడగానే కౌంటర్ అంకె పెరిగింది: ఈ లెక్కలు గేటు దగ్గర బోర్డు మీద రాయొచ్చా?

ల్యాబ్ అసిస్టెంట్, హనుమకొండ

అందరికీ నమస్కారం. ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు "వానలో తడవకండి, మెడకు బెటాడిన్ రాసుకోండి" అని ఫోన్లకు మెసేజ్‌లు వచ్చాయి, గుర్తుందా? అప్పుడు ల్యాబ్‌లో రేడియేషన్‌ను లెక్కపెట్టే జీఎం (గైగర్-ముల్లర్) కౌంటర్‌ను మా డాబా మీదికి తీసుకెళ్లి పెట్టాను. నిమిషానికి 41 కౌంట్లు. అది ఎక్కువో తక్కువో నాకు తెలియలేదు. అంతకు ముందు నెల అక్కడ ఎంత ఉండేదో ఎవరమూ రాసిపెట్టలేదు మరి.

కొన్ని రోజులకు పెద్ద వాన పడింది. వెలిసీ వెలవగానే చూస్తే 58. పక్కింటి పెద్దమ్మ "ఏమైంది బిడ్డా?" అంటే "పెరిగింది" అన్నాను. ఆమె డాబా మీద ఆరబోసుకున్న ఏడాది మిరపకాయలన్నీ తెల్లారేసరికి పెంటకుప్పలో పోసింది. నేను ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

ఈ జనవరి నుంచి రోజూ పొద్దున 7కి, సాయంత్రం 6కి పది నిమిషాలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. నిమిషానికి 38 నుంచి 44 వస్తోంది. ఇది కాలేజీ గేటు దగ్గర బోర్డు మీద రాద్దామంటే, జనం టెన్షన్ పడతారని కొందరు వద్దంటున్నారు. మీరేమంటారు? ఆ 58 ఏమిటో కూడా ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్ లెక్చరర్, కరీంనగర్

తమ్ముడూ, ఆ 58 జపాన్‌ది కాదు. నేలలోంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది విచ్ఛిన్నమైతే పుట్టే రేడియోధార్మిక సీసం, బిస్మత్ రేణువులు గాలిలో దుమ్మును పట్టుకుని ఉంటాయి. వాన వాటిని కిందికి దింపుతుంది. రెండు మూడు గంటల్లో అంకె మళ్లీ మామూలుకు వస్తుంది.

ఈసారి వాన పడితే బండి సీటు మీది తడిని దూదితో తుడిచి, ఆ దూదిని కౌంటర్ ట్యూబు ముందు పెట్టు. సుమారు అరగంటకోసారి కౌంట్లు సగానికి తగ్గితే అది రాడాన్ సంతానమే. అణు ప్రమాదంలో వెలువడే అయోడిన్-131 అయితే సగానికి రావడానికి 8 రోజులు పడుతుంది.

ఇంకో మాట. ఎప్పుడూ ఒకే చోట, ఒకే ఎత్తులో పెట్టు. మన గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. ఇవాళ డాబా మీద, రేపు గ్రానైట్ వరండాలో పెడితే లెక్క కలవదు.

మంచిర్యాల

అన్నా, నాకైతే భయంగానే ఉంది. అంకె చూసి మళ్లీ ఎవరో ఏదో పారబోస్తారు. ఇవన్నీ చూడటానికి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల ఐఎర్మాన్ అనే రేడియేషన్ పర్యవేక్షణ కేంద్రాలు ఉన్నాయి కదా.

ల్యాబ్ అసిస్టెంట్, హనుమకొండ

సార్, పద్నాలుగేళ్ల బరువు దింపారు.

మంచిర్యాల తమ్ముడూ, ఐఎర్మాన్ ఉండాల్సిందే. జపాన్ అంత దూరం నుంచి వచ్చే రేడియోధార్మిక జాడలను నా కౌంటర్ పట్టలేదు, అది ఏ పదార్థమో కూడా చెప్పలేదు. 2011లో రెండు వారాల్లోనే ఉత్తరార్ధగోళమంతా ఆ జాడలను పట్టుకున్నవి అణుపరీక్షల నిషేధ ఒప్పందం కింద ఉన్న కేంద్రాలు. రోజంతా గాలిని ఫిల్టరు గుండా లాగి, అది ఏ పదార్థమో గుర్తుపట్టే జెర్మేనియం డిటెక్టర్‌తో చూస్తారు. అయినా జపాన్‌లో సేఫ్‌కాస్ట్ వాలంటీర్లు కార్లకు కౌంటర్లు తగిలించుకుని వీధి వీధి తిరిగి, కొలిచిన ప్రతి అంకెనూ అందరికీ తెరిచి పెట్టారు. తన వీధి అంకె కళ్లారా చూసిన మనిషికి ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌ను దేనితో పోల్చాలో తెలుస్తుంది.

పెద్దమ్మకు ఆ రోజు నేను నెల రోజుల నోట్‌బుక్ చూపించి, "వానకు ఇట్లనే పెరుగుతది, రాత్రికి తగ్గుతది" అని చెప్పగలిగి ఉంటే మిరపకాయలు మిగిలేవి. అందుకే బోర్డు మీద ఇవాళ్టి అంకె ఒక్కటే కాదు, పక్కనే పోయిన నెల సగటు, చివరి వాన నాటి అంకె కూడా రాస్తాను.

సార్, దూది ఎన్ని నిమిషాలు లెక్కపెట్టాలి? ఐదు చాలా?

రిటైర్డ్ లెక్చరర్, కరీంనగర్

ఐదు చాలు. ముందు పొడి దూదిని కూడా ఐదు నిమిషాలు చూసి ఆ లెక్క తీసెయ్యి. తుడిచిన టైము రాసిపెట్టడం మరిచిపోకు.