మెన్నెసీ కప్పు అంచుకి బంగారు గీత ఉంటుందా?

నమస్కారమండీ. పారిస్‌లో పాత సామాన్ల సంతలో మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు కొన్నాను. వెన్నలాంటి తెలుపు, మూత మీద పట్టుకోవడానికి గులాబీ మొగ్గ. అడుగున పచ్చి మట్టి మీద గీసినట్టు ‘డి.వి.’ అని ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో విల్‌రువా డ్యూక్ అండతో నడిచిన మెన్నెసీ పింగాణీ కార్ఖానా గుర్తు అది.

నా టెన్షన్ అంతా అంచు మీది బంగారు గీత గురించే. అప్పట్లో బంగారు పూత హక్కు రాజుగారి అండ ఉన్న వాన్సెన్ కార్ఖానాదే. అందుకే మెన్నెసీ వాళ్లు అంచులకి గులాబీ, ఊదా రంగులు వేసేవారు. భూతద్దంలో చూస్తే బంగారం కింద ఒకచోట ఊదా రంగు లీలగా కనిపిస్తోంది. అంటే బంగారం తర్వాత ఎవరో వేయించారా? లేక కప్పే 19వ శతాబ్దపు నకలా? గోకకుండా తేల్చుకునే దారి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.